అయిదెకరాల కమతానికి డ్రోనా, కలుపు రోబోనా, తేమ సెన్సార్లా: సంఘం నిధితో ముందు ఏది కొనాలి?

బంగారుపాళ్యం రైతుబిడ్డ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మండలంలోని ఒక పల్లె. మాకు అయిదెకరాల పొలం ఉంది. రెండెకరాల్లో తోతాపురి మామిడి తోట, ఎకరన్నరలో బోరు కింద డ్రిప్పుతో టమాటా, మిగిలిన దాంట్లో వర్షాధారంగా వేరుశనగ వేస్తాము. సేద్యం ఇప్పటికీ నాన్నగారి చేతిలోనే ఉంది. నేను డిగ్రీ ముగించుకుని వచ్చి, మా ప్రాంతపు రైతు ఉత్పత్తిదారుల సంఘంలో లెక్కలు, కొనుగోళ్లు చూస్తున్నాను.

యంత్రాల కోసం సంఘంలో కొంత నిధి పోగైంది. దాన్ని దేనికి పెట్టాలన్న విషయంలో సభ్యులు తలా ఒక మాట అంటున్నారు. మందు కొట్టే డ్రోను కొంటే అద్దెకు తిప్పుకోవచ్చని కొందరు, కూలీలు దొరకని ఈ రోజుల్లో కెమెరాతో కలుపును గుర్తించి తీసే చిన్న రోబో అయితే మేలని మరికొందరు అంటున్నారు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా అన్నయ్య మాత్రం నేలలో తేమను కొలిచే సెన్సార్లు, పురుగుల బుట్టలకు కెమెరాలు పెట్టి, కృత్రిమ మేధతో సలహాలు ఇచ్చే ఏర్పాటు చేసుకోమంటున్నాడు.

ఏ యంత్రం కొత్తది, ఏది గొప్పది అన్నది నా ప్రశ్న కాదు. మా బోర్లలో నీటిమట్టం ఏటా దిగిపోతోంది. టమాటాకు వారానికి ఒకసారైనా మందు పడనిదే పంట చేతికి రాదన్న నమ్మకం ఊళ్లో బలపడిపోయింది. మందు కొట్టి వచ్చిన రాత్రి నాన్నగారు తలనొప్పితో అన్నం ముట్టకుండా పడుకోవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. పదేళ్ల తర్వాత కూడా ఈ భూమి పంట ఇచ్చే స్థితిలో ఉండాలంటే ఈ మూడింటిలో దేనితో మొదలుపెట్టాలో, దేనిని కొంతకాలం ఆపుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

విశ్రాంత వ్యవసాయ శాస్త్రవేత్త, తిరుపతి

ముందుగా తేమ కొలిచే పరికరాలు కొనండి. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మీ నేల. మీ ప్రాంతపు ఎర్ర ఇసుక నేలలు నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచలేవు. పైన డ్రిప్పర్ చుట్టూ తడి వలయం కనిపించినంత మాత్రాన వేరుకు చాలినంత తడి అందిందని కాని, వేరును దాటి కిందికి పోవడం లేదని కాని కంటితో చెప్పలేము. పైగా మన రాష్ట్రంలో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఉంది. చాలామంది మోటారుకు ఆటో స్టార్టర్ బిగించి వదిలేస్తారు కనుక కరెంటు వచ్చినంతసేపూ నీరు పారుతూనే ఉంటుంది. ఆ నీటితో పాటు డ్రిప్పులో వదిలిన యూరియా కూడా వేరు అందుకోలేని లోతుకు జారిపోతుంది. అంటే బోరు, ఎరువు, భూగర్భ జలపు నాణ్యత మూడూ ఒకేసారి దెబ్బతింటున్నాయి.

దీనికి పరిష్కారం ఖరీదైన యంత్రంతోనే మొదలు కావాలని లేదు. టెన్షియోమీటరు అనే సాధనం ఉంది. సన్నని రంధ్రాలున్న పింగాణీ మొన, నీళ్లు నింపిన గొట్టం, పైన ఒక ముల్లు గేజి, అంతే. నేల ఆరేకొద్దీ మొనలో నుంచి నీటిని లాక్కుంటుంది, ముల్లు పైకి కదులుతుంది. ముల్లు సున్నా దగ్గర ఉంటే నేల నీటితో నిండి ఉన్నట్టు. ఇసుకపాలు ఎక్కువగా ఉన్న నేలల్లో కూరగాయలకు ముల్లు 20 నుంచి 30 సెంటీబార్ల (నేల నీటిని లాగే బలానికి కొలత) మధ్య చూపినప్పుడు నీరు పెట్టడం పరిపాటి. ఒకటి 15 సెంటీమీటర్ల లోతున, మరొకటి 30 సెంటీమీటర్ల లోతున పాతితే అసలు సంగతి బయటపడుతుంది. లోతుది ఎప్పుడూ తడిగానే చూపిస్తూ ఉంటే మీరు నీటిని పాతాళానికి పంపుతున్నారన్నమాట. కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ రూపొందించిన తేమ సూచిక మరీ సులువు. నీలం, ఆకుపచ్చ దీపాలు వెలిగితే తేమ చాలినట్టు, నారింజ వెలిగితే తగ్గుతున్నట్టు, ఎరుపు వెలిగితే వెంటనే నీరు పెట్టాలని అర్థం. చదువు రాని రైతు కూడా దాన్ని చదవగలడు.

కృత్రిమ మేధ వంతు దీని తర్వాత వస్తుంది. ఒక పంటకాలమంతా ఈ లెక్కలు, వానల లెక్కలు ఒకచోట చేరితే, రాబోయే రోజుల వాతావరణ సూచనను కూడా కలుపుకుని రేపు మోటారు వేయాలా, ఎల్లుండి దాకా ఆగవచ్చా అన్నది కంప్యూటరు చెప్పగలదు. లెక్కలు లేనిచోట ఎంత గొప్ప మేధ అయినా ఊహే చెబుతుంది.

అన్నయ్య చెప్పిన పురుగుల, తెగుళ్ల గుర్తింపు విషయంలో మాత్రం కొంత జాగ్రత్త అవసరం. 2016లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో 14 పంటలకు చెందిన 54,306 ఆకుల ఫొటోలతో కంప్యూటరుకు తెగుళ్లు నేర్పారు. అదే సేకరణలో నుంచి పక్కన పెట్టుకున్న ఫొటోలను చూపితే 99.35 శాతం సరిగ్గా చెప్పింది. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపేసరికి అది 31 శాతం దరిదాపులకు పడిపోయింది. నేర్పిన ఫొటోల్లో ఒక్కో ఆకును కోసి, ఒకే రంగు నేపథ్యం మీద ఉంచి, చక్కని వెలుతురులో తీశారు. మన టమాటా మడిలో ఆకు మీద దుమ్ము ఉంటుంది, మందు మరక ఉంటుంది, ఒకే ఆకు మీద ఆకుమాడు తెగులు, తామర పురుగు గీతలు రెండూ ఉంటాయి. తెల్లదోమ తెచ్చే వైరస్ వల్ల వచ్చిన ముడతకూ, తామర పురుగు వల్ల వచ్చిన ముడతకూ ఫొటోలో తేడా పట్టడం నిపుణులకే కష్టం. అందువల్ల ఫోన్ యాప్ చెప్పినదాన్ని ఒక అనుమానంగా మాత్రమే తీసుకుని, కృషి విజ్ఞాన కేంద్రంలో కాని, రైతు సేవా కేంద్రంలో కాని నిర్ధారించుకున్న తర్వాతే మందు కొనాలి. యాప్ ఒక పేరు చెప్పగానే దుకాణానికి పరుగెత్తితే మందుల వాడకం తగ్గడం పోయి పెరుగుతుంది.

వేరుశనగకు సంబంధించి మీకు దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్ అనే పంటల పరిశోధన సంస్థ, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది రైతులకు ఎప్పుడు విత్తాలో సాధారణ ఫోన్లకే సందేశాలు పంపాయి. జూన్ మొదటి వారంలో విత్తే అలవాటు ఉన్నవారిని నాలుగో వారం దాకా ఆగమన్నాయి. పాటించిన రైతుల దిగుబడి సుమారు 30 శాతం ఎక్కువ వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. ఏ రైతూ ఏ యంత్రమూ కొనలేదు, మారిందల్లా విత్తిన తేదీ. వర్షాధార పంటకు కృత్రిమ మేధ చేయగల పెద్ద సాయం ఇలాంటిదేనని నా నమ్మకం.

డ్రోన్ పైలట్, మహిళా సంఘం, శ్రీకాళహస్తి

తమ్ముడికి నమస్కారం. నేను మా పొదుపు సంఘం తరఫున డ్రోను నడుపుతున్నాను, ఎక్కువగా వరి మడుల్లో మందు కొడతాను. డ్రోను మీద నాకు గౌరవం ఉంది. పది లీటర్ల ట్యాంకుతో ఎకరా పొలం పది నిమిషాల లోపే అయిపోతుంది. వీపున ట్యాంకు మోసుకుని మోకాలి లోతు బురదలో నడుస్తూ మందు పీల్చే బాధ మనిషికి తప్పింది. మీ నాన్నగారి తలనొప్పి గురించి చదివాక ఈ మాట ముందుగా చెప్పాలనిపించింది.

అయితే డ్రోను తగ్గించేది నీటిని, మనిషి శ్రమను, మందు తాకిడిని మాత్రమే. ఎకరాకు వేయవలసిన మందు మోతాదు దాదాపు అంతే ఉంటుంది. పవర్ స్ప్రేయరుతో 150 నుంచి 200 లీటర్ల నీటిలో కలిపే మందును మేము పది లీటర్లలో కలుపుతాము, అంటే ద్రావణం అంతకు అంత చిక్కన. గాలి కొంచెం దిశ మారితే ఆ చిక్కటి తుంపర పక్క పొలం మీద పడుతుంది. మీ పక్కనే పలమనేరు వైపంతా మల్బరీ తోటలు ఉన్నాయి. మందు తుంపర పడిన ఆకును పట్టుపురుగులకు మేపితే వాటిని పెంచే షెడ్డులోని పురుగులన్నీ చచ్చిపోతాయి, ఆ రైతు నష్టం ఎవరు కట్టిస్తారు? గాలి నిదానంగా ఉండే తెల్లవారు వేళ కొట్టాలి, మల్బరీ ఉన్న గట్టు వైపు కొంత మేర వదిలేయాలి, పట్టు రైతుకు ముందు రోజే చెప్పాలి.

పంటను బట్టి కూడా చూసుకోండి. వరికి డ్రోను చక్కగా సరిపోతుంది. ఊతకర్రలకు కట్టిన టమాటాలో తెల్లదోమ ఆకు అడుగున ఉంటుంది, మా తుంపర పైనుంచి పడుతుంది. రెక్కల గాలికి ఆకులు కొంత తిరగబడినా, గుబురుగా పెరిగిన మొక్క అడుగు భాగానికి మందు సరిగా చేరదు. మామిడిలో తేనెమంచు పురుగు పూత లేని కాలంలో కాండం పగుళ్లలో దాక్కుంటుంది, దానికి డ్రోను ఏమీ చేయలేదు.

ఖర్చు సంగతి. ఒక జత బ్యాటరీలతో ఒకటి రెండు ఎకరాలు మాత్రమే అవుతాయి కాబట్టి నాలుగైదు జతలు, పొలంలోనే చార్జి చేయడానికి జనరేటరు కావాలి. యంత్రాల అద్దె కేంద్రం పెట్టే రైతు సంఘాలకు డ్రోను ధరలో 40 శాతం, గరిష్ఠంగా 4 లక్షల రూపాయల దాకా కేంద్ర సాయం పొందే పథకం 2022లో వచ్చింది. మహిళా సంఘాలకైతే 80 శాతం, 8 లక్షల దాకా సాయం ఇచ్చే నమో డ్రోన్ దీదీ పథకం 2023లో వచ్చింది. అందుకే మీ సంఘం సొంతంగా కొనే ముందు మీ మండలంలో మహిళా సంఘం డ్రోను ఉందేమో కనుక్కుని అద్దెకు మాట్లాడుకోవడం మేలు. పైలట్ సర్టిఫికెట్ లేనివారు నడపకూడదు. రేణిగుంట విమానాశ్రయం చుట్టుపక్కల 12 కిలోమీటర్ల లోపు పొలాలు ఉన్న సభ్యులు ఎగరవేసే ముందు డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో తమ చోటు ఏ రంగు మండలంలో ఉందో తప్పకుండా చూసుకోవాలి.

బంగారుపాళ్యం రైతుబిడ్డ

సార్‌కు, అక్కకు కృతజ్ఞతలు. పట్టుపురుగుల సంగతి మా సంఘంలో ఎవరి ఆలోచనకూ రాలేదు. మా సభ్యుల్లో అయిదారుగురికి మల్బరీ ఉంది. కలుపు రోబో గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? వేరుశనగలో కలుపు తీతకు సమయానికి మనుషులు దొరకక ఊళ్లో చాలామంది కలుపు మందుల వైపు మళ్లుతున్నారు. రోబో వల్ల అది ఆగుతుందన్న ఆశతోనే కొందరు సభ్యులు పట్టుబడుతున్నారు.

రోబోటిక్స్ పరిశోధక విద్యార్థి, తిరుపతి

కలుపు రోబోల మీదే పని చేస్తున్నాను కనుక వాటి బలం, బలహీనత రెండూ చెబుతాను. విదేశాల్లో ఈ రంగం చాలా ముందుకు పోయింది. జాన్ డీర్ సంస్థ 2017లో బ్లూ రివర్ టెక్నాలజీని 30 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. కెమెరా కలుపును చూసిన చోట మాత్రమే నాజిల్ తెరుచుకునే వారి యంత్రం ఆ తర్వాతే మార్కెట్లోకి వచ్చింది. కార్బన్ రోబోటిక్స్ యంత్రం లేజర్ కిరణాలతో కలుపు మొలకలను కాల్చేస్తుంది, మందు చుక్క కూడా వాడదు. పర్యావరణపరంగా ఇవి నిజమైన ముందడుగులే. కాని అవన్నీ వందల ఎకరాల ఒకే కమతంలో, తిన్నని సాళ్లలో, ట్రాక్టరు వెనక తిరగడానికి చేసినవి. మన రాష్ట్రంలో సగటు కమతం ఒక హెక్టారు కూడా లేదు.

వేరుశనగలో ఇబ్బంది ఎక్కడ వస్తుందో చెబుతాను. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉంటాయి. మామూలు ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, దాన్ని నమ్మి నడిచే రోబో సాలు మీదికే ఎక్కుతుంది. ఆర్‌టీకే పద్ధతిలో, నేల మీది స్థిర కేంద్రాల నుంచి సవరణలు అందుకుంటే ఈ తేడా రెండు మూడు సెంటీమీటర్లకు తగ్గుతుంది. 2020 డిసెంబరులో మన రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేకు వాడిన కోర్స్ స్టేషన్లు ఈ కోవలోనివే. ఐఐటీ తిరుపతిలోని కేంద్ర ప్రభుత్వ సాంకేతిక హబ్‌కు కేటాయించిన రంగం కూడా స్థాన నిర్ధారణ, కచ్చిత సాంకేతికతలే. కాబట్టి పునాది మన దగ్గర ఉంది, దాని మీద చిన్న రైతుకు అందే ధరలో యంత్రం రావలసి ఉంది.

రెండో ఇబ్బంది పంట స్వభావంలో ఉంది. 45 రోజుల తర్వాత ఊడలు నేలలోకి దిగుతాయి, అప్పుడు మట్టిని కదిలిస్తే కాయ పట్టదు. అంటే రోబోకు దొరికే కాలం విత్తిన తర్వాతి నెలన్నర మాత్రమే. ఏడాదిలో మిగతా రోజులు అది షెడ్డులో ఉంటుంది. మూడోది తుంగ. తుంగ మొలకను పైకి కోసినా, కాల్చినా నేలలోని గడ్డ నుంచి మళ్లీ లేస్తుంది. తుంగ, గరిక బలంగా ఉన్న చేలో ఈ యంత్రాలు మనిషి గునపానికి సాటి రావు. మీ టమాటాలో కలుపు రాకుండా మల్చింగ్ షీటు పరిచే అలవాటు ఉంటే అక్కడ రోబోకు పనే తక్కువ.

నా సలహా ఏమిటంటే, ఇప్పుడు రోబో కొనకండి. ఎద్దుల గుంటకతో కాని, చిన్న పవర్ వీడరుతో కాని 20, 40 రోజుల దగ్గర రెండుసార్లు అంతరకృషి చేసి, సాలులో మిగిలిన కలుపును చేతితో తీయించండి. సంఘానికి ఆసక్తి ఉంటే మీ సభ్యుల పొలాల్లో ప్రయోగాలకు చోటు ఇవ్వండి. మన నేలల్లో, మన కలుపుల ఫొటోలతో నేర్పిన యంత్రం తయారు కావాలంటే పరిశోధకులకు కావలసింది అదే. చోటు ఇచ్చేటప్పుడు మీ పొలంలో సేకరించిన ఫొటోలు, లెక్కలు ఎవరి సొత్తో, ఎవరికి ఇవ్వవచ్చో కాగితం మీద రాయించుకోండి.

ప్రకృతి వ్యవసాయ రైతు, పలమనేరు

పైన అందరూ యంత్రానికి తగ్గట్టు పొలాన్ని చూస్తున్నారనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. నేను ప్రకృతి వ్యవసాయంలో ఉన్నాను. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేలను కప్పుతాను, వేరుశనగలో కంది, అలసంద, అంచున జొన్న వేస్తాను. జొన్న అంచు ఉంటే తామర పురుగు గాలికి కొట్టుకు వచ్చి చేలో పడడం తగ్గుతుంది, అలసంద మీద మిత్ర పురుగులు చేరతాయి. 2016లో మన రాష్ట్రంలో మొదలైన ఈ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ఇంత కలగాపులగపు చేలో ఏది పంట, ఏది కలుపు అని ఏ కెమెరాకు నేర్పుతారు? తిన్నని సాలు, ఒకే పంట ఉంటేనే పని చేసే రోబోను కొంటే, దాని కోసం రైతు ఒకే పంటకు మారిపోతాడు. అప్పుడు పురుగు పెరుగుతుంది, ఆ పురుగుకు డ్రోను కావలసి వస్తుంది.

రెండో మాట. కలుపు తీసేది ఆడవాళ్లు. మా ఊళ్లో వయసులో ఉన్నవారు శ్రీసిటీ ఫ్యాక్టరీలకు, బెంగళూరుకు పోగా మిగిలింది పెద్ద వయసు ఆడవాళ్లే, వాళ్లకు ఈ కూలే ఆధారం. మనుషులు దొరకడం లేదన్నది నిజమే కాని, దొరికే కొద్దిమంది పొట్ట కొట్టకుండా చూసుకోవలసిన బాధ్యత రైతు సంఘానికి ఉంది.

తేమ సెన్సార్లకు మాత్రం నా అభ్యంతరం లేదు. ఘనజీవామృతం (పేడతో చేసే ఎరువు), ఆచ్ఛాదన (నేల మీద పరిచే కప్పు) వేసిన మడికీ, వేయని మడికీ తేమ ఎంత తేడాగా నిలుస్తుందో అంకెల్లో చూపగలిగితే పక్క రైతులను ఒప్పించడం నాకే సులువవుతుంది.

విశ్రాంత వ్యవసాయ శాస్త్రవేత్త, తిరుపతి

పలమనేరు రైతుగారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను, ఒక్క చిన్న భేదం తప్ప. మిశ్రమ పంటలను గుర్తించడం నేటి యంత్రాలకు కష్టమే కాని అసాధ్యం కాదు. అలాంటి చేలలో తీసిన ఫొటోలు వాటికి ఇంతవరకు ఎవరూ చూపలేదు. ఆ పని మన విశ్వవిద్యాలయాలు చేయాలి, రైతు సంఘం నిధి దానికి వాడకూడదు.

సెన్సార్ల విషయంలో ఇంకొక హెచ్చరిక మిగిలింది. తేమ చూసి నీరు పెట్టడం వల్ల ఆదా అయిన నీటితో రైతు ఇంకో అర ఎకరా టమాటా నాటితే బోరులో మిగిలేది ఏమీ ఉండదు. ఇది డ్రిప్పు వచ్చినప్పుడే మన జిల్లాల్లో చూశాము. అందుకని పరికరాలు ఇచ్చేటప్పుడే, ఆ బోరు కింద సాగు విస్తీర్ణం పెంచబోమని సభ్యుడి చేత ఒప్పుకోలు తీసుకోండి. బోరు నీటిమట్టం కూడా నెలకోసారి కొలిచి పుస్తకంలో రాయండి.

బంగారుపాళ్యం రైతుబిడ్డ

అందరి మాటలూ వచ్చే సమావేశంలో చదివి వినిపిస్తాను. నా ప్రతిపాదన ఇలా ఉండబోతోంది. ఈ ఏడాది డ్రోను, రోబో కొనము. మల్బరీ లేని వైపున వరి వేసే సభ్యులకు మాత్రం మహిళా సంఘం డ్రోనును అద్దెకు మాట్లాడతాము. పది టమాటా మడులు ఎంచుకుని ఒక్కోదానిలో రెండు లోతుల్లో టెన్షియోమీటర్లు పెట్టి, ఆ లెక్కలు రోజూ రాసే పనిని కలుపు కూలికి వచ్చే ఆడవాళ్లలో చదువుకున్న ఇద్దరికి జీతం మీద అప్పగిస్తాము. పసుపు జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు అవే మడుల్లో పెట్టి, వాటిలో పడ్డ పురుగుల లెక్క కూడా వారి చేతనే రాయిస్తాము, కెమెరాల సంగతి తర్వాత చూసుకుంటాము.

సార్, ఒక్క సందేహం. మా నేలలో గులకరాళ్లు ఎక్కువ. టెన్షియోమీటరు పాతినప్పుడు మొన చుట్టూ ఖాళీ మిగిలితే లెక్క తప్పుతుందా?

విశ్రాంత వ్యవసాయ శాస్త్రవేత్త, తిరుపతి

తప్పకుండా తప్పుతుంది. మొనకు, మట్టికి మధ్య గాలి ఉంటే నేల ఆరుతున్న సంగతి ముల్లుకు చేరనే చేరదు. తీసిన గుంత మట్టిని జల్లెడ పట్టి, రాళ్లు తీసేసి, నీటితో పలుచని ముద్దలా కలిపి ముందు గుంతలో పోసి, అందులోకి మొనను దించండి. దించే ముందు మొనను ఒక రాత్రంతా నీటిలో నానబెట్టండి. డ్రిప్పర్‌కు మరీ ఆనించకుండా జానెడు లోపు దూరంలో, మొక్క ఉన్న వైపున పాతండి. ముల్లు 80 దాటేంతగా నేలను ఆరనిస్తే గొట్టంలోకి గాలి చొరబడుతుంది, అప్పుడు మళ్లీ నీళ్లు నింపి గాలి తీసేయాలి. లెక్క ఉదయం ఒకే వేళకు, మోటారు వేయకముందు రాయమని ఆ ఇద్దరికీ చెప్పండి.